చెరువు పార్కులో కుంటినడక

మా కాలనీలో సాయంత్రంపూట పక్కింటివాళ్ళు మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చారంటే మూడు సంగతుల్లో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. పెళ్ళి కుదిరి ఉండాలి, పిల్ల పుట్టి ఉండాలి, లేదా ఆ ఇంటి పెద్దాయన అన్‌ఫిట్ అయి ఉండాలి. మొదటి రెండింటికీ ఒక్కో ముక్క తీసుకుంటాం. మూడోదానికి మాత్రం మొహమాటం లేకుండా రెండు తీసుకుంటాం.

బయటివాళ్ళకు ఇది విడ్డూరంగానే ఉంటుంది. మాది మందమర్రి పక్కన బొగ్గుబావుల కాలనీ. బావిలో పనిచేసే మనిషి ఇక ఆ పనికి పనికిరాడని డాక్టర్ల బోర్డు తేల్చి రాస్తే ఆయన ఇంటికి వస్తాడు, ఆయన కొలువు బిడ్డల్లో ఒకరికి వస్తుంది. ఇదివరకు కొడుకులకే వచ్చేది, ఇప్పుడు కూతుళ్ళకూ వస్తోంది. అందుకే ఫలానా ఆయన అన్‌ఫిట్ అయ్యాడని తెలిస్తే మా దగ్గర ఎవరూ అయ్యో అనరు, మంచిగైంది అంటారు. ఫిట్ అని రాసి వెనక్కి పంపినప్పుడే ఆ ఇంటి ముందు చెప్పులు గుట్టపడతాయి. అవి పరామర్శకు వచ్చినవాళ్ళవి.

బాపును అన్‌ఫిట్ చేయించాలన్నది ఆయన కూతురినైన నా ఆలోచన. మా దగ్గర అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం; ఈ ఆలోచన అవ్వది కాదు, బాపుది అసలే కాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెబితే నన్ను నేను కాపాడుకుంటున్నట్టు ఉంటుంది. అప్పటికి నాకు ముప్పై నాలుగు నిండాయి. తొమ్మిదేళ్ళు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పాను, ఆ బడి మూతపడింది. పెళ్ళి అన్న మాట మా ఇంట్లో ఎప్పుడో పాతబడిపోయింది, దాని కథ వేరు. ఇంకొక్క ఏడాది గడిస్తే ఆ కొలువుకు నా వయసు దాటిపోతుంది. బాపు మామూలుగా రిటైరయితే క్వార్టర్ ఖాళీ చేయాలి. నేను పుట్టి పెరిగింది ఆ రెండు గదుల్లోనే. మాకు ఇంకెక్కడా మాదని చెప్పుకోవడానికి ఒక గోడ కూడా లేదు. ముగ్గురం సామాన్లు ఆటోలో వేసుకుని ఎటు తిప్పమని చెప్పాలన్నది నన్ను పొద్దస్తమానం తొలిచేది.

బాపు నడుం నొప్పి అబద్ధం కాదు. కొన్నేళ్ళ కింద బావిలో పైకప్పు బండ ఒకటి ఊడి ఆయన వీపు మీద పడింది. చలికాలం పొద్దున మంచం పట్టె పట్టుకుని గాని లేవలేడు. కాని ఆ నొప్పి చుట్టంలా వచ్చేది, రెండు రోజులుండి పోయేది. బోర్డుకు అలాంటి నొప్పి చాలదు. మనిషిని కదలనివ్వని నొప్పి కావాలి. మేము నొప్పిని పుట్టించలేదు, పెంచి చూపించాం, అంతే. అప్పట్లో ఈ తేడా నాకు చాలా పెద్దదిగా కనబడేది.

అసలు చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మా బాపు నడిచే మనిషి. షుగరు ఉందని కాలనీ దవాఖాన డాక్టరు రోజుకు గంట నడవమన్నాడు. బాపు దాన్ని ఇంకో డ్యూటీలా పట్టుకున్నాడు. ఏ షిఫ్టు చేసి వచ్చినా సరే, పార్కుకు పోయి చెరువు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టి వచ్చేవాడు. ఆయనతో పాటు మొదలుపెట్టినవాళ్ళు రెండో రౌండుకే వెనకబడిపోయేవాళ్ళు. అట్లాంటి మనిషి సెలవు పెట్టి, నడుం పడిపోయిందని అర్జీ పెట్టుకున్నాడు.

ఆ పార్కు మా క్వార్టర్ల వరసలకూ, మట్టి పోసిన గుట్టలకూ మధ్య ఉంటుంది. బావిలోంచి తోడిన నీళ్ళు ఒక లావుపాటి పైపు గుండా అక్కడి చెరువులోకి వస్తాయి, అందుకే అది మండుటెండల్లో కూడా ఎండదు. కొంగలు, నీటికాకులు, బుడుంగున మునిగి ఎక్కడో తేలే బుడుబుంగలు ఏడాది పొడుగునా ఉంటాయి. నెమళ్ళు గోడ దూకి వచ్చి బెంచీల మీద కూర్చుంటాయి, వాటిని లేపడం ఎవరి తరమూ కాదు. ఒక పక్కన ఇనుప జాలి కంచె కట్టి చుక్కల దుప్పులను పెంచుతారు. వాటికి తిండి పెట్టకూడదని బోర్డు ఉంటుంది, దాని కిందే నిలబడి అందరూ పాలకూర కట్టలు పెడతారు.

అర్జీ పెట్టిన మరుసటి రోజు నుంచి బాపు ఆ పార్కుకు పోకూడదన్నాను. మా కాలనీలో ఆకాశరామన్న ఉత్తరాలకు కొదవ లేదు. పక్క వరసలో ఒకాయన అర్జీ పెట్టుకుని, బామ్మర్ది పెళ్ళి బరాత్‌లో రెండు స్టెప్పులు వేశాడట. ఆ వీడియో ఆయన కన్నా ముందు ఆఫీసుకు చేరిందని చెప్పుకున్నారు. ఆ వీడియో నేనూ చూశాను. ఆయన నడుం మా అందరి నడుముల కన్నా బాగానే తిరిగింది.

అలా బాపు ఇంట్లో బందీ అయ్యాడు. వరండా నుంచి వంటింటి గోడ దాకా నడిచేవాడు, గోడను చేత్తో తాకి వెనక్కి తిరిగేవాడు. ముందు గది కిటికీకి అవ్వ పాత చీర కట్టింది. పొయ్యి ముందు నిలబడిన అవ్వకు ఆయన ప్రతి ఆరు అడుగులకోసారి అడ్డం వచ్చేవాడు. కొన్నాళ్ళకు మాట్లాడటం తగ్గించాడు. అన్నం కంచం ముందు కూర్చుని గోడ వైపు చూసేవాడు. బయట ఎవరి అడుగుల చప్పుడు వినబడినా గబుక్కున మంచం మీద వాలేవాడు. ఆ వాలడం చూసి నాకు ముందు నవ్వొచ్చేది, తర్వాత రావడం మానేసింది. షుగరు పెరిగింది. ఒకరోజు అవ్వ చాట కిందపెట్టి, మంచిగున్న మనిషిని రోగిని చేస్తున్నావని నా మొహం మీదే అనేసింది. ఎవరి కోసం చేస్తున్నానని నేను ఎగిరిపడ్డాను. నాకు కోపం ఎక్కువ, అది తప్పు నాదైనప్పుడు ఇంకా ఎక్కువ.

చివరికి మధ్యేమార్గం ఒకటి పట్టాం. పార్కుకు పోవచ్చు, కాని కుంటుతూ పోవాలి. చేతికర్ర ఒకటి కొన్నాం. ఇంట్లో నడక నేర్పడం మొదలైంది. బాపు పోయేటప్పుడు ఎడమ కాలు, వచ్చేటప్పుడు కుడి కాలు కుంటేవాడు. నాలుగడుగులు వేయగానే మరిచిపోయి ఎప్పటిలా విసురుగా నడిచేవాడు.

“గట్ల కోడెలెక్క దుంకుతవేంది? జర కుంటు,” అని అవ్వ వంటింట్లోంచి అరిచేది.

ఎడమ బూటులో చింతగింజ వేసే ఉపాయం నాదే. అది గుచ్చుకుంటుంటే ఆయనకు ఏ కాలో గుర్తుండేది. ఆ ఉపాయానికి ఇంట్లో ముగ్గురం నవ్వాం. అన్ని నెలల్లో మేము నవ్వింది అప్పుడేనేమో.

అలా రోజూ పొద్దున నేను బాపు రెక్క పట్టుకుని పార్కుకు తీసుకుపోయేదాన్ని. దుప్పుల కంచెకు ఎదురుగా ఒక సిమెంటు బెంచీ ఉంది, అక్కడ కూర్చోబెట్టేదాన్ని. ఎడమ వైపు చెరువు కనబడేది, మా ముందు నుంచే నడిచేవాళ్ళ దారి పోయేది. ఆయన నడిచేవాళ్ళను చూస్తూ కూర్చునేవాడు. ఫలానా ఆయన చేతులు ఊపడం లేదని, ఇంకొకాయన రౌండు పూర్తి చేయకుండానే గేటు దారి పట్టాడని గొణిగేవాడు. ఆయన కాళ్ళు మాత్రం బెంచీ కింద కదులుతూనే ఉండేవి. నేను నా కాలితో ఆయన కాలును నొక్కి పట్టేదాన్ని. నీటికాకి చేపను మింగుతుంటే చూపించేవాడు. పైపులోంచి నీళ్ళు దబదబా పడుతుంటే, ఆ నీళ్ళు తను పనిచేసిన చోటు నుంచే వస్తున్నాయని చెప్పేవాడు. ఆ నీళ్ళకైనా బయటికి రావడానికి ఒక పైపు ఉంది, నాకు అదీ లేదు అని నేను లోపల ఉడికిపోయేదాన్ని. నేను చదువుకుంది లెక్కలు, చేస్తున్నది జైలు కాపలా.

రెండో వారంలో ఎదురు బెంచీ మీదికి ఒక మనిషి వచ్చాడు. మా బెంచీకీ ఆయన బెంచీకీ మధ్య ఆ కంచె మూల ఉండేది. బాపు కన్నా కొంచెం పెద్దవాడు, మెడకు తెల్లటి బెల్టు, ఒళ్ళో గుడ్డసంచి, చేతిలో పేపరు. ఎవరో బండి మీద తెచ్చి దింపేవాళ్ళు. ఒక్క అడుగు నడిచేవాడు కాదు. పేపరు ఒక్క పేజీ తిప్పేవాడు కాదు. పేపరు పైనుంచి మమ్మల్నే చూసేవాడు.

మూడు రోజులు గమనించి నాకు ఖాయమైపోయింది, ఆయన ఆఫీసు పంపిన మనిషే. నడవనివాడు నడిచే పార్కుకు ఎందుకొస్తాడు? మెడకు బెల్టు ఉన్నవాడు తల వంచి పేపరు ఎలా చదువుతాడు? ఇవన్నీ బాపు చెవిలో ఊదాను. బాపు కూడా నమ్మాడు. ఆయన చూపు మా మీద పడ్డప్పుడల్లా బాపు నడుం పట్టుకుని మూలిగేవాడు. మేము అటు చూసినప్పుడల్లా ఆ మనిషి మెడ పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అది మమ్మల్ని వెక్కిరించడమేనని నాకు ఒళ్ళు మండేది.

బెంచీ మార్చాలనుకున్నాం గాని, మారిస్తే దొరికిపోయినట్టు అవుతుందని భయం. మానేద్దామనుకుంటే అదీ భయమే, ఇన్నాళ్ళు వచ్చినవాళ్ళు ఎందుకు మానేశారని రాస్తాడేమో. కాబట్టి రోజూ అదే వేళకు పోయి, అదే బెంచీ మీద, ఆయనకు ఎదురుగా కూర్చునేవాళ్ళం. ఊపిరి కూడా లెక్కపెట్టి తీసుకున్నట్టు ఉండేది. ఇంట్లో ఉంటే గోడలు, పార్కుకు వస్తే ఆ రెండు కళ్ళు. బోర్డు పిలుపు ఎప్పుడొస్తుందా అని నేను పోస్టు మనిషి కోసం గేటు దగ్గర నిలబడేదాన్ని.

పిలుపు వచ్చింది. బోర్డు ముందుకు పోవడానికి ఇంకో వారం ఉందనగా ఒక ఆదివారం పొద్దున ఆ సంగతి జరిగింది.

ఆదివారాలు పార్కులో జనం ఎక్కువ. మైకులో పాటలు, పిల్లల అరుపులు. కంచె మూలన, మా రెండు బెంచీలకూ నడుమ, ఒక చోట జాలి తీగ తెగి ఉంది. ఎవరో అక్కడ పాలకూర కట్ట పట్టుకుని ఊరించారు. కొమ్ముల దుప్పి ఒకటి ఆ కంతలోంచి తల బయటికి పెట్టింది. పెట్టేటప్పుడు కొమ్ములు ఎట్లా పట్టాయో గాని, వెనక్కి తీసుకోబోతే తీగ బిగుసుకుంది. అది బెదిరి ఒక్క గుంజు గుంజింది. తీగ ఇంకా బిగిసింది.

జనం పోగయ్యారు. ఒకరు కొమ్ము పట్టుకుని లాగబోతే అది తన్నుకుంది. అందరూ ఒకేసారి సలహాలు చెప్పడం మొదలుపెట్టారు. సగం మంది ఫోన్లు పైకెత్తారు. కాపలాదారు పరుగెత్తుకొచ్చి జనాన్ని జరపడానికి విజిల్ ఊదాడు, ఆ మోతకు దుప్పి ఇంకా గిలగిలలాడింది. దాని కళ్ళు తెల్లబడి తిరిగాయి. గిట్టలు మట్టిని తవ్వుతున్న చప్పుడు మా బెంచీ దాకా వినబడింది.

బాపు గురించి ఒక మాట చెప్పాలి. బావిలో బండ కూలి మనుషులు ఇరుక్కున్నప్పుడు బాపునే ముందు పంపేవాళ్ళు. ఒకసారి ఒక మనిషి నడుం దాకా రాళ్ళ కింద ఉండిపోతే, బాపు ముందు అందరినీ నోరు మూయించి, అతని మొహం మీద తన తువ్వాల కప్పి, చెవి దగ్గర కూర్చుని వాళ్ళ ఊళ్ళో ఆ ఏడు పత్తి ఎట్లా పండిందో అడుగుతూ ఒక్కో రాయి తీశాడట. ఆ మనిషే మా ఇంటికొచ్చి చెప్పాడు, బాపు ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు బాపు భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకున్నాడు.

“ముందుగాల అరుసుడు బంద్ జెయ్యాలె,” అన్నాడు, నాతో కాదు, తనలో తనే. “కండ్లు మూస్తె ఊకుంటది. కొమ్ము పక్కకు వంచి ఎనుకకు తియ్యాలె. గంతే పని.”

రెండో చెయ్యి బెంచీ అంచు మీద పెట్టాడు. ఆయన నడుం ముందుకు వంగింది. చేతికర్ర జారి కింద పడింది. నేను తల తిప్పి ఎదురు బెంచీ వైపు చూశాను. మెడ బెల్టు మనిషి పేపరు పక్కన పెట్టేశాడు. దుప్పిని చూడటం లేదు, మమ్మల్నే చూస్తున్నాడు.

నేను బాపు మోచెయ్యి పట్టుకున్నాను.

“లెవ్వకు బాపు. గాయిన సూస్తుండు.”

బాపు లేవలేదు. నేను పట్టు వదల్లేదు. ఎంతసేపు అట్లా ఉన్నామో నాకు తెలియదు. దుప్పి కాసేపు ఉండి ఉండి గింజుకుంది, తర్వాత కాళ్ళు మాత్రమే కదిలాయి, తర్వాత అవీ ఆగిపోయాయి. ఎవరో తీగ కోసే సామాను తెచ్చేసరికి తల ఒక పక్కకు వాలిపోయింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, దెబ్బకు కాదు, బెదురుకు గుండె ఆగిపోయిందన్నాడు. టార్పాలిన్‌లో చుట్టి తీసుకుపోయారు. జనం చెదిరిపోయారు. పాటలు మళ్ళీ మొదలయ్యాయి. ఎదురు బెంచీ మనిషి ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు, మేమూ ఇక్కడే కూర్చుని ఉన్నాం.

ఇంటికి పోదామని లేచాం. బాపు తువ్వాల చేతిలోనే పట్టుకుని నడిచాడు. గేటు దాటాక చూస్తే మామూలుగా నడుస్తున్నాడు, చింతగింజ గుచ్చుకుంటున్నది కూడా తెలియనట్టు. మా వెనక మనుషులు వస్తున్నారు.

“బాపూ, కాలు,” అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. ఇల్లు చేరే దాకా కుంటుతూనే నడిచాడు. ఆ రెండు మాటలు అనకపోయినా అయ్యేదేమీ లేదు, ఆ వెనక వచ్చేవాళ్ళు మమ్మల్ని ఎరుగరు కూడా. అయినా అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా నోటి మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ వారమంతా పార్కుకు పోలేదు. బాపు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అవ్వకు జరిగింది చెప్పాను, వింటూ కూరగాయలు తరుక్కుంది. ఆమె తిడితే బాగుండేది.

బోర్డు ఉన్న పెద్ద దవాఖాన మాకు దూరం. బస్సు దిగి పోయేసరికి వరండాలో బెంచీల నిండా మనుషులు. కర్రలు, బెల్టులు, కట్లు, ఎక్స్‌రే కవర్లు. ప్రతి పెద్దాయన పక్కన ఒక కొడుకో కూతురో, అందరి మొహాల్లో ఒకటే భయం, ఎక్కడ ఆరోగ్యంగా కనబడిపోతామో అని. మా పేరు పిలిచేదాకా ఆగమన్నారు. ఒక బెంచీ చివర కొంచెం చోటుంటే బాపును కూర్చోబెట్టాను. పక్కనున్న మనిషి మెల్లగా మొత్తం ఒంటితో ఇటు తిరిగాడు, ఎందుకంటే ఆయన మెడకు తెల్లటి బెల్టు ఉంది.

ఇక్కడి దాకా వచ్చి పట్టుకున్నాడనుకున్నాను. అప్పుడు ఆయన ఒళ్ళో చూశాను. ఎక్స్‌రే కవరు. పక్కన ఒక యువకుడు, ఆయన కొడుకులా ఉన్నాడు, కాగితాలు మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతున్నాడు.

“నువ్వు గా పార్కుల కూసునేటోనివే గదా తమ్మీ?” అన్నాడు ఆ మనిషి. “నిన్ను సూసి ఎంత బుగులు వడ్డనో నాకే ఎరుక. ఆఫీసోల్లు పంపిన్రనుకున్న.”

“మేం గూడ నిన్ను గట్లనే అనుకున్నం అన్నా,” అన్నాడు బాపు.

ఇద్దరూ నవ్వారు. పక్కనున్న ముసలాయన కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నేనూ నవ్వాను, అంత నవ్వు ఎక్కడ దాగిందో గాని పొట్ట పట్టుకున్నాను. ఇన్నాళ్ళూ ఇద్దరు నొప్పి వేషాలవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒకరికొకరు మూలిగి చూపించుకున్నారు. దవాఖాన మనిషి వచ్చి చప్పుడు చేయొద్దన్నాడు, రోగులు ఇలా నవ్వుతారా అన్నట్టు చూశాడు. చప్పున నోళ్ళు మూసుకున్నాం.

అప్పుడు మెడ బెల్టు ఆయన తన గుడ్డసంచి మీద చెయ్యి వేశాడు.

“నేను బాయిల ఎలక్ట్రిషన్ను,” అన్నాడు. “గా దినం నా సంచిల కటింగ్ ప్లేర్ ఉండె. ఎప్పటికీ ఉంటది, అలవాటు. రెండు తీగెలు కోస్తె అయిపోతుండె.”

వాళ్ళిద్దరి మధ్యా ఎక్స్‌రే కవర్లు రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఒకరికి పని తెలుసు, ఇంకొకరి దగ్గర సామాను ఉంది. మధ్యలో నేను చూసి చెప్పిన అబద్ధం ఒకటి ఉంది. అది అబద్ధమని తెలిసి చెప్పలేదు, కాని ఎంత గట్టిగా చెప్పానో నాకు గుర్తుంది.

లోపల ఏం అడిగారో బాపు చెప్పలేదు. మేము నేర్పింది ఏదీ చేయలేదని మాత్రం తర్వాత తెలిసింది. నడవమంటే నడిచాడట, వంగమంటే వంగబోయి ఆగిపోయాడట. ఎక్స్‌రేలు చూసిన డాక్టరు, ఇట్లాంటి నడుంతో ఇన్నేళ్ళు బావిలోకి ఎట్లా దిగావని అడిగాడట. అంటే ఇదంతా అవసరమే లేదు. కర్ర, చింతగింజ, కిటికీకి చీర, ఏదీ అక్కర్లేదు. కాగితం వచ్చింది. మెడ ఆయన కాగితం కూడా వచ్చిందని తెలిసింది.

అవ్వ వీధంతా మిఠాయి పంచింది. ఒక్కో ఇంట్లో రెండేసి ముక్కలు తీసుకున్నారు. కొన్ని నెలలకు నాకు బావి పైన పనిలో ఉద్యోగం ఇచ్చారు, సామాన్ల గదిలో. క్వార్టర్ నా పేరు మీదికి మారింది. నేను కోరుకున్నది అంతా వచ్చింది. డ్యూటీకి పోయి మస్టర్‌లో హాజరు వేయించుకుని, షిఫ్టు దిగి వచ్చి, ఆ రెండు గదుల్లోనే మళ్ళీ కూర్చునేదాన్ని.

బాపు ఇక దాక్కోవాల్సిన పనిలేదు. నడవొచ్చు, పరుగెత్తొచ్చు, ఎవరు చూసినా ఏం కాదు. కాని పార్కు వైపు పోలేదు. షుగరు మాత్రలు పెంచారు. నడవమని అవ్వ చెప్పి చెప్పి అలిసిపోయింది. నేను అడిగితే, ఎండ అనేవాడు, మబ్బు అనేవాడు.

నాకు తెలుసు ఎందుకో. నేను పట్టుకోకుంటే ఆ రోజు లేచేవాడు, తువ్వాల కప్పేవాడు, దుప్పి బతికేది. నా ముఖం చూస్తే ఆయనకు అదే గుర్తొస్తోందనుకున్నాను. ఈ మాట ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి వరండాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బూట్లు కూడా విప్పకుండా పక్కన కూలబడ్డాను. తప్పు నాదేనని, నేను ఆపకపోతే నువ్వు లేచేవాడివని, నా కొలువు కోసం నీతో అట్లా చేయించానని, ఉన్నదంతా చెప్పేశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. తిట్టు బాపు అని కూడా అన్నాను.

బాపు రోడ్డు వైపు చూస్తూనే మాట్లాడాడు.

“నీ చెయ్యి నన్నేమాపుతది బిడ్డా,” అన్నాడు. “ఇంత బొగ్గు కొట్టిన చెయ్యి నాది. గుంజుకొని పోకపోదునా? నువ్వు పట్టుకుంటవని నాకు ఎరుకనే. నువ్వు పట్టుకునేదాంక ఆగిన.”

నన్ను ఓదార్చడానికి అనలేదు. ఆ గొంతు నాకు తెలుసు. కప్పు బండ ఊడిన రోజు ఎలా జరిగిందో ఆఫీసు వాళ్ళకు చెప్పినప్పుడు కూడా అదే గొంతుతో చెప్పాడు.

నేను క్షమించమని అడగడానికి కూర్చున్నాను, ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. ఆ దుప్పి చావును ఇన్ని నెలలు నా మీదే వేసుకుని మోశాను. బరువే, కాని మోస్తున్నన్నాళ్ళూ, నేను వదిలేసి ఉంటే లేచి ఉండే బాపు ఒకడు నాకు ఉండేవాడు. ఆ సాయంత్రం ఆ బాపును పోగొట్టుకున్నాను. ఆయన మాత్రం తనలోని ఆ మనిషిని ఆ బెంచీ మీదే, నేను చెయ్యి వేయకముందే పోగొట్టుకున్నాడు. అవ్వ చాయ్ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. తాగాం. తెల్లారితే నాది ఫస్ట్ షిఫ్టు.